గడ్డ తీశారు సరే, మనిషి సంగతేమిటి?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రిగార్లకు బహిరంగ లేఖ



ముప్పయ్యేళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు చూసే పని మీ రెండు శాఖలూ ఊరూరా చేయిస్తున్నాయి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి వివరాలు రాసుకుంటుంది. ఏఎన్‌ఎం చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తుంది, వేలు గుచ్చి షుగరు చూస్తుంది. ఎక్కువుంటే పీహెచ్‌సీకి పంపుతుంది, అక్కడ మాత్రలిస్తారు. మంచి పనే. నేను రాస్తున్నది ఆ మాత్రలు మింగుతూ కూడా బాగుపడని కొద్దిమంది గురించి. వాళ్ల బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు, గురక విడివిడి జబ్బులు కావు. అన్నిటినీ వెనక ఉండి నడిపిస్తున్నది ఒకటుంది. దాని పేరు ఎక్రోమెగలీ.

మెదడు అడుగున, ముక్కు వెనకాల, శనగగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. అందులో ఓ గడ్డ లేచి గ్రోత్ హార్మోన్‌ను అడ్డూ అదుపూ లేకుండా వదులుతుంది. అది లివర్‌కు చేరి ఐజీఎఫ్-1 అనే ఇంకో హార్మోన్‌ను తయారు చేయిస్తుంది. రెండూ కలిసి ఒంట్లో పెరగగలిగిన వాటినల్లా పెంచుతాయి. ఎముకల చివర్లు మూసుకోని చిన్న వయసులో మొదలైతే మనిషి పొడుగు సాగిపోతాడు. పెద్దయ్యాక వస్తే పొడుగు పెరిగే దారి ఉండదు గనక చేతులు, పాదాలు, కింది దవడ, కనుబొమల దగ్గరి ఎముక, ముక్కు, నాలుక పెరుగుతాయి. పైకి కనిపించకుండా గుండె కండరం, పెద్దపేగు, థైరాయిడ్ పెరుగుతాయి. పారిస్‌లో పియరీ మరీ అనే నరాల వైద్యుడు 1886లోనే ఈ జబ్బుకు పేరు పెట్టి వర్ణించాడు. గడ్డ దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. ఆ మాట చెప్పగానే బంధువులు ఊపిరి పీల్చుకుంటారు, మా డాక్టర్లు కూడా కాస్త తేలిగ్గా తీసుకుంటారు. ప్రాణం మీదికి వచ్చేది మాత్రం, ఆ గడ్డ ఏళ్ల తరబడి గుండెకీ ఊపిరికీ చేసిన చేటు వల్ల.

టీవీలో కుస్తీలు చూసే పిల్లలకు కూడా ఈ జబ్బున్నవాళ్లు తెలుసు, జబ్బని తెలియకపోయినా. ఆండ్రే ది జెయింట్ 1993లో, 46 ఏళ్లకే, గుండె విఫలమై చనిపోయాడు. మన గ్రేట్ ఖలీకి 2012లో అమెరికాలో పీయూష గ్రంథి గడ్డకు ఆపరేషన్ జరిగింది. వాళ్ల ఆకారాన్ని చూసి చప్పట్లు కొట్టాం. మన వీధిలో అదే జబ్బుతో తిరిగే మనిషి ఏడడుగులుండడు. ఐదున్నర అడుగుల మామూలు మనిషే. అందుకే ఎవరి కంటా పడడు.

విదేశాల లెక్కల ప్రకారం ఏటా పది లక్షల జనాభాకు ముగ్గురో నలుగురో కొత్త రోగులు బయటపడతారు. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్ర జనాభా 8.46 కోట్లు. అదే లెక్క మనకూ వర్తిస్తే ఏటా 250 మందికి తగ్గరు. అరుదైన జబ్బే, కాదనను. అయితే వీళ్లెవరూ ఇంట్లో తలుపులు వేసుకుని కూర్చోలేదు. ఏదో ఒక ఆసుపత్రి మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. జబ్బు మొదలైన దగ్గర్నుంచి దాని పేరు తెలిసేదాకా ఐదు నుంచి పదేళ్లు పడుతుందని చాలా దేశాల అనుభవం. అన్నేళ్లూ వాళ్లు ఏ గదుల్లో కూర్చున్నారన్నది మీరు ఒకసారి ఆలోచించాలి.

పళ్ల మధ్య సందులు పెరిగాయని, కింది పళ్లు ముందుకొచ్చాయని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తారు. మోకాళ్లు, నడుము నొప్పులని ఆర్థో ఓపీలో కూర్చుంటారు. అరుగుదల అని రాసి నొప్పి బిళ్లలిస్తారు. రాత్రిపూట చేతివేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుందని తేలుస్తారు, కొన్నిచోట్ల కోసి వదులు చేస్తారు కూడా. నెలసరి ఆగిన ఆడవాళ్లు గైనిక్ డాక్టరు దగ్గర, పిల్లలు పుట్టని దంపతులు సంతాన సాఫల్య కేంద్రాల్లో కనిపిస్తారు. పక్కచూపు తగ్గి గుమ్మానికి భుజం తగిలించుకునేవాళ్లు కళ్లజోడు అద్దాలు మార్పించుకుంటారు. చెమటలు, తలనొప్పి, నీరసం లాంటి వాటికి డాక్టరు దాకా ఎందుకని మందుల షాపులోనే అడుగుతారు. ప్రతి గదిలోనూ ఓ చీటీ రాస్తారు. విడిగా చూస్తే ఏ చీటీలోనూ తప్పుండదు. ఎవరికి వారే యమునా తీరే.

ఈ గదుల్లో ఎక్కడో ఒకచోట ఒక్కరు తలెత్తి మనిషి మొహంలోకీ చేతుల్లోకీ చూస్తే చాలు. దానికి యంత్రాలు అక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రి మెడిసిన్ ఓపీలో నేను ఆడవాళ్లను అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటే: "అమ్మా, పెళ్లినాటి గాజులు ఇప్పుడు ఎక్కుతున్నాయా?" ఒళ్లు చేసినా గాజుల సైజు కొంత పెరుగుతుంది, నిజమే. కానీ రెండు నాలుగు వేసుకున్న చేతికి రెండు ఎనిమిది కూడా బిగుతైందంటే, మెట్టెలు కత్తిరించి తీయించుకోవాల్సి వచ్చిందంటే, మగవాళ్లయితే ఏడో నంబరు చెప్పు వదిలి తొమ్మిదో నంబరు కొంటున్నారంటే, అది తిండితో వచ్చిన పెరుగుదల అనుకోవడానికి లేదు. ఈ మార్పు అందరికన్నా ముందు తెలిసేది గాజులమ్మే ఆమెకు, కంసాలికి. పాపం, వాళ్లకు రిఫరల్ చీటీ రాసే అధికారం లేదు.

ఇంకో సాక్ష్యం రోగి జేబులోనే ఉంటుంది. పాత ఫొటోలను ఇప్పటి మొహంతో పోల్చి చూడమని మా పుస్తకాలన్నీ చెబుతాయి. పల్లె నుంచి వచ్చిన మనిషిని పాత ఫొటోలు తెమ్మంటే మళ్లీ రావడానికి ఒకరోజు కూలి పోతుంది. ఆధార్ కార్డు మాత్రం ఎప్పుడూ దగ్గరే ఉంటుంది, చాలామందికి దాని మీద పదేళ్ల కిందటి మొహం ఉంటుంది. ఆరోగ్యశ్రీ కౌంటరులో దాని జిరాక్స్ తీసుకుంటారు, నంబరు చూసుకుంటారు. ఆ మొహాన్నీ ఎదురుగా ఉన్న మొహాన్నీ పక్కపక్కన పెట్టి చూసే పని ఎవరిదీ కాదు. ఆధార్ ఫొటో బాగా రాదని అందరూ నవ్వుకుంటారు గానీ, దవడలో ముక్కులో వచ్చిన తేడా పోల్చుకోవడానికి ఆ మాత్రం ఫొటో చాలు. ఇంట్లోవాళ్లు దీన్ని పట్టుకోలేరు. రోజూ చూసే మొహంలో మెల్లగా వచ్చే మార్పు కంటికి ఆనదు. ఎన్నో ఏళ్ల తర్వాత దుబాయ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన తమ్ముడు "ఏంటక్కా ఇలా అయిపోయావు?" అన్నాక పరీక్షలకు వచ్చినవాళ్లు ఉన్నారు.

ప్రతి ఒక్కరికీ హార్మోన్ పరీక్ష చేయించమని నేను అడగడం లేదు. అది డబ్బు దండగ, పైగా లేనిపోని భయాలు. బీపీ గానీ షుగరు గానీ ఉందని తేలినవాళ్లను మాత్రం ఏఎన్‌ఎం ఇంకో మాట అడగాలి. చెప్పుల సైజు, ఉంగరం సైజు మారాయా, గట్టిగా గురక పెడతారా, మొహం మారిందని ఎవరైనా అన్నారా అని. రెండు మూడింటికి అవునన్న సమాధానం వస్తే అప్పుడు ఐజీఎఫ్-1 చేయించాలి. పరగడుపున రావాల్సిన పని లేదు, ఒక గొట్టం రక్తం చాలు. పీహెచ్‌సీల్లో తీసిన రక్తాన్ని హబ్ ల్యాబులకు చేర్చే దారి తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఇప్పటికే వేసి ఉంచింది. ఆ బండిలో ఈ గొట్టం కూడా ఎందుకు ఎక్కకూడదు?

పరీక్షలో చిక్కులూ ఉన్నాయి, కింది స్థాయి డాక్టర్లకు అవి తెలియాలి. షుగరు బాగా అదుపు తప్పి ఉన్నప్పుడు, లివర్ దెబ్బతిన్నప్పుడు, మనిషి తిండి లేక చిక్కిపోయినప్పుడు ఐజీఎఫ్-1 ఉండాల్సినదానికన్నా తక్కువ చూపిస్తుంది. మనం వెతుకుతున్నదే షుగరు రోగుల్లో గనక, రిపోర్టు మామూలుగా ఉందని ఇంటికి పంపేస్తే దొరికినవాణ్ణి చేజేతులా వదిలేసినట్టు. షుగరు దారికి తెచ్చి మళ్లీ చూడాలి, ఆ వయసుకు తగ్గ హద్దులతో పోల్చాలి. ఏదో ఒక పూట గ్రోత్ హార్మోన్ చూసి జబ్బు ఉందనీ లేదనీ తేల్చకూడదు, అది పూటకోలా ఉంటుంది. షుగరు లేనివాళ్లకు సందేహం మిగిలితే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలపాటు చూస్తారు. మామూలు మనిషిలో ఆ హార్మోన్ పడిపోతుంది, వీళ్లలో పడదు. ఎమ్మారై ఆ తర్వాత.

ఇంత తొందర ఎందుకంటే, గడ్డ సెంటీమీటరు లోపు ఉండగా అనుభవమున్న సర్జన్ చేతిలో పడితే, ముక్కు దారిన దాన్ని తీసేసి సుమారు ఐదుగురిలో నలుగురికి హార్మోన్‌ను దారికి తేవచ్చు. సెంటీమీటరు దాటితే సగం మందికే. ప్రపంచమంతటా ఎక్కువమందిలో అది దొరికేసరికే సెంటీమీటరు దాటి ఉంటుంది. ఏళ్ల తరబడి గదులు మారి తిరిగిన ఫలితం ఇది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆపరేషన్ అయిపోయాక మీ శాఖల లెక్కలో కేసు ముగిసినట్టే. ప్యాకేజీ పూర్తి, క్లెయిము పూర్తి, డిశ్చార్జి కాగితం చేతిలో. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచీ పేదవాడికి పెద్ద ఆపరేషన్ అందడమన్నది మామూలు విషయమైంది, దాన్ని తక్కువ చేసేంత కృతఘ్నుణ్ణి కాను. కానీ ప్యాకేజీ అన్నది ఒకసారి జరిగి అయిపోయే పనికి కొలత. ఎక్రోమెగలీ అలా అయిపోయేది కాదు. ఈ జబ్బు తెచ్చిపెట్టే చిక్కులను ఎలా కనిపెట్టాలి, ఎలా వైద్యం చేయాలి అన్నదాని మీదే ప్రపంచంలోని పీయూష గ్రంథి నిపుణులు కూడి 2013లో ఒక ఉమ్మడి అభిప్రాయం ప్రకటించారు, 2020లో దాన్ని సవరించారు. గడ్డ ఒకటే అయినా చిక్కుల పట్టిక అంత పొడుగు.

గుండెతో మొదలుపెడదాం. దాని గోడలు మందమవుతాయి. మొదట్లో బలంగా కొట్టుకున్నట్టే ఉంటుంది, తర్వాత సరిగా విచ్చుకోలేదు, చివరికి రక్తం తోయలేదు. కవాటాలూ చెడతాయి. హార్మోన్ దిగాక గోడల మందం తగ్గవచ్చు గానీ చెడిన కవాటం బాగుపడదు. అందుకని జబ్బు తెలిసిన రోజే ఈసీజీ, ఎకో తీయాలి, తర్వాతా తీస్తుండాలి. మూడోవంతు మందికి పైగా బీపీ ఉంటుంది. దానికి మందు మామూలు రోగుల్లాగే, ఆలస్యం మాత్రం పనికిరాదు.

గురకను మన ఇళ్లలో ఇప్పటికీ నవ్వులాటగానే చూస్తారు. పెరిగిన నాలుక, గొంతులో వాచిన కండ రాత్రంతా గాలిదారిని మూసేస్తుంటాయి. ఈ రోగుల్లో పది మందిలో ఆరేడుగురికి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటుంది. గుండె మీద పడే భారంలో దానిదీ పెద్ద వాటానే. ఆపరేషన్‌కు ముందే నిద్ర పరీక్ష చేసి, అవసరమైతే రాత్రిళ్లు గాలి తోసే సీపాప్ యంత్రం పెట్టించాలి. మత్తు డాక్టరుకు ఈ సంగతి ముందుగా తెలియాలి. పెద్ద నాలుక, పెద్ద దవడ ఉన్న మనిషికి గొంతులోకి గొట్టం వేయడం కష్టం. హార్మోన్ తగ్గాక గురక తగ్గినవాళ్లూ ఉన్నారు, తగ్గనివాళ్లూ ఉన్నారు. తగ్గిందని ఊహించుకుని యంత్రం తీసేయకూడదు, మళ్లీ పరీక్షించాలి.

షుగరుది ఇంకో తీరు. గ్రోత్ హార్మోన్ ఇన్సులిన్ పనికి అడ్డు పడుతుంది, అందుకే ముగ్గురు నలుగురిలో ఒకరికి షుగరు వస్తుంది. గడ్డ తీయగానే ఆ అడ్డు తొలగుతుంది. ఆపరేషన్‌కు ముందు వేసిన ఇన్సులిన్ మోతాదే ఇంటికెళ్లాక కూడా వేసుకుంటే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. డిశ్చార్జి కాగితంలో ఈ ఒక్క వాక్యం తెలుగులో రాయించడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. పైగా మిగిలిన గడ్డకు వాడే మందుల్లో పాసిరియోటైడ్ షుగరును పెంచుతుంది, పెగ్విసోమాంట్ తగ్గిస్తుంది. ఏ మందు ఎవరికన్నది షుగరు చూసి తేల్చాల్సిన విషయం.

కీళ్ల దగ్గర నాకు ఆశ తక్కువ. మృదులాస్థి ముందు దళసరి అవుతుంది, తర్వాత చీలి అరుగుతుంది, హార్మోన్ మామూలుకొచ్చినా ఆ అరుగుదల వెనక్కి పోదు. మణికట్టు తిమ్మిర్లు మాత్రం చాలామందిలో వాటంతటవే సర్దుకుంటాయి, కాబట్టి అక్కడ కత్తి పట్టడానికి తొందరపడనక్కర్లేదు. వెన్నెముక మోసం చేస్తుంది. ఎముకల సాంద్రత పరీక్షలో అంతా బాగున్నట్టే వస్తుంది, పూసలు మాత్రం లోపల నలిగి ఉంటాయి. పక్క నుంచి తీసిన మామూలు ఎక్స్‌రేలో అది కనబడుతుంది. జిల్లా ఆసుపత్రుల్లో ఉన్న యంత్రమే. అడిగేవాళ్లు కావాలి.

పెద్దపేగులో పిలకలు (పాలిప్స్) ఎక్కువగా వస్తాయి గనక జబ్బు తెలిసినప్పుడే ఒకసారి కొలనోస్కోపీ చేయించాలి. మెడలో గడ్డ తగిలితే థైరాయిడ్ స్కానింగ్ తీయించాలి. ఇవి వివాదం లేని పనులు, వదిలేస్తాను.

ఆపరేషన్ పూర్తిగా ఫలించనివాళ్లలో చాలామందికి 28 రోజులకోసారి వేసే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ గానీ లాన్రియోటైడ్ గానీ కావాలి. ఒక్కోదానికి వేల రూపాయలు. కూలి చేసుకునే మనిషి రెండు మూడు నెలలు అప్పు చేసి వేయించుకుంటాడు, నాలుగో నెల మానేస్తాడు. హార్మోన్ మళ్లీ పైకి లేస్తుంది, మనం లక్షలు పెట్టి చేయించిన ఆపరేషన్ అక్కడికి వృథా అవుతుంది. హార్మోన్ కొద్దిగానే ఎక్కువున్నవాళ్లకు క్యాబర్గోలిన్ మాత్రలతో సరిపోవచ్చు, అవి చవక. కొందరికి రేడియేషన్ ఇస్తారు, దాని ఫలితం రావడానికి ఏళ్లు పడుతుంది, అన్నేళ్లూ మందు తప్పదు. ఆపరేషన్‌కు డబ్బు కట్టి, ఆ తర్వాతి ఇంజెక్షన్‌కు కట్టకపోవడంలో పొదుపు ఎక్కడుందో నాకు అర్థం కాదు. కిడ్నీ రోగికి డయాలసిస్ వారం వారం చేయిస్తూనే ఉన్నాం కదా. ఏళ్ల తరబడి సాగే వైద్యానికి దారి మీ శాఖలకు కొత్త కాదు.

నేను అడిగేది కొత్త ఆసుపత్రి కాదు. విశాఖ కేజీహెచ్‌లో, తిరుపతి స్విమ్స్‌లో, హైదరాబాద్ నిమ్స్‌లో, ఉస్మానియాలో ఎండోక్రినాలజీ విభాగాలున్నాయి, న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. వారానికో పక్షానికో ఒక పూట ఈ రెండు విభాగాలూ, కంటి డాక్టరూ, గుండె డాక్టరూ ఒకే చోట కూర్చోవాలి. రోగి ఒక బస్సు టికెట్టుతో వచ్చి అందరినీ చూసుకుని వెళ్లాలి. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చే మనిషికి సోమవారం ఎకో, గురువారం స్కానింగ్ అని తేదీలు ఇస్తే రెండోసారి రాడు. ఎవరి కేసులు ఏమయ్యాయో చెప్పే ఒక రిజిస్టరు రెండు రాష్ట్రాలకూ కలిపి పెట్టండి, రోగులకు సరిహద్దు చెక్‌పోస్టు ఉండదు. ఈ గడ్డలు తీసే ఆపరేషన్లు కూడా ఎక్కువ కేసులు చేసే కొద్దిమంది సర్జన్ల దగ్గరికే చేర్చండి. ఏడాదికి ఒకటో రెండో చేసే చేతికీ, పదులకొద్దీ చేసే చేతికీ ఫలితంలో తేడా ఉంటుంది. ఈ మాట మా వృత్తిలో కొందరికి నచ్చదని తెలిసే రాస్తున్నాను.

ఆ క్లినిక్‌లో మనసు సంగతి వినే మనిషి కూడా ఒకరుండాలి. చికిత్స తర్వాత వాపు తగ్గుతుంది, ఉంగరాలు మళ్లీ ఎక్కుతాయి, మొహం కొంత తేరుకుంటుంది. పెరిగిన ఎముక మాత్రం అలాగే ఉంటుంది. రిపోర్టులు బాగున్నాయని మేం సంతోషపడుతుంటే, పెళ్లిళ్లకు పేరంటాలకు వెళ్లడం మానేసిన ఆడమనిషి ఎదురుగా మౌనంగా కూర్చుని ఉంటుంది. మగవాళ్లు ఉద్యోగంలో తోటివాళ్లు పెట్టిన మారుపేర్లు చెప్పుకోలేక చెప్పుకుంటారు.

చివరగా ఒకటి, ఇది వెంటనే కాగల పని. గడ్డ వల్లో, ఆపరేషన్ వల్లో, రేడియేషన్ తర్వాత ఎన్నో ఏళ్లకో పీయూష గ్రంథిలోని మిగతా భాగం దెబ్బతినవచ్చు. అప్పుడు ఒంటికి తప్పనిసరైన కార్టిసాల్ అనే హార్మోన్ తయారుకాదు. ఈ మనిషి రోజూ స్టెరాయిడ్ మాత్ర వేసుకోవాలి, జ్వరమొస్తే మోతాదు పెంచాలి, వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ పడాలి. పడకపోతే బీపీ పడిపోయి గంటల్లో ప్రాణం పోతుంది. ఊళ్లో "స్టెరాయిడ్లు మంచివి కావు" అని ఎవరో చెబితే మాత్ర మానేసి వచ్చినవాళ్లను చూశాను. థైరాయిడ్ కూడా తగ్గి ఉంటే స్టెరాయిడ్ ముందు, థైరాయిడ్ మాత్ర తర్వాత. ఆ వరస తప్పినా ప్రమాదమే. కాబట్టి ఇలాంటి ప్రతి రోగికీ తెలుగులో అచ్చువేసిన ఒక కార్డు ఇవ్వండి. దాని మీద పేరు, జబ్బు, "హైడ్రోకార్టిజోన్ 100 మిల్లీగ్రాములు వెంటనే ఇవ్వాలి" అన్న మాట ఉండాలి. 108 వాహనాల్లో ఆ మందు ఉండాలి, ఆ కార్డు చూపిస్తే ఏం చేయాలో అందులోని సిబ్బందికి నేర్పి ఉండాలి. రిజిస్టరు, క్లినిక్, ఇంజెక్షన్ల డబ్బు మీ ఫైళ్లలో కదిలేలోపు కార్డు అచ్చువేయించడానికి ఒక నెల చాలు.

ఇట్లు,
ప్రభుత్వాసుపత్రి జనరల్ మెడిసిన్‌లో పనిచేసి రిటైరైన ఒక వైద్యుడు